పురుగు అలవాటు పడలేదు: పెదనందిపాడు దారిలో ఒక పత్తి చేను కేసు

2018 డిసెంబరు రెండో వారం. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద ఉన్న నా గదికి ఒక ఉదయం మా నాన్నగారి స్నేహితుడొకాయన గోనెసంచి భుజాన వేసుకుని వచ్చారు. చిన్నప్పటి నుంచి నేను బాబాయ్ గారని పిలిచే మనిషి. పెదనందిపాడు వెళ్లే దారిలో ఆయనకు ఆరెకరాల నల్లరేగడి ఉంది. బోరు కింద పత్తి వేస్తారు. కుర్చీ చూపించినా కూర్చోకుండా సంచి నా బల్ల మీద బోర్లించారు. అన్నీ పత్తి కాయలు. ఆకుపచ్చగా, బిగువుగా, పైన మచ్చయినా లేకుండా ఉన్నాయి.

"కోసి చూడమ్మా," అన్నారు.

మొదటి కాయ అడ్డంగా కోశాను. ఏమీ లేదు. రెండో కాయలో ఒక అర బాగుంది, రెండోది బాగుంది, మూడో అరలో దూది తడిసి, పసుపు తిరిగి ముద్దకట్టి ఉంది. ఆ ముద్దను చాకు మొనతో విడదీస్తే లోపల గింజ డొల్ల. డొల్లలో చిటికెనవేలి గోరంత పురుగు, ఒంటి మీద అడ్డంగా గులాబీ పట్టీలు, గోధుమరంగు తల. వెలుతురు తగలగానే వెనక్కి ముడుచుకుంది. ఇరవై కాయలు కోశాను. పదకొండింటిలో పురుగు ఉంది.

"బీటీ అని చెప్పి నకిలీ విత్తనం అంటగట్టారు. నువ్వొక కాగితం రాసివ్వు. దుకాణం ముందు కూర్చుని తేల్చుకుంటాను."

బీటీ అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునేలా మార్చిన పత్తి. కాగితం రాయడం ఐదు నిమిషాల పని. అప్పటికి నాకు ఈ వృత్తిలో పదేళ్లు దాటాయి. తెగుళ్లు, పురుగులు చూసి కారణం చెప్పడమే నా జీవనం. రైతు కోపంగా ఉన్నప్పుడు రాసిన కాగితం తర్వాత ఎవరికీ ఉపయోగపడదని అనుభవం మీద తెలుసుకున్నాను. చేను చూసి రాస్తానని చెప్పి ఆయనతోనే బస్సెక్కాను.

ముందు విత్తనం సంగతి

దారిలో నా మనసులో నాలుగు అనుమానాలు ఉన్నాయి. అసలు ఇది వేరే పురుగేమో అన్నది మొదటిది. అది బల్ల దగ్గరే తీరిపోయింది. శనగపచ్చ పురుగు కాయకు పెద్ద గుండ్రటి రంధ్రం చేసి, తల లోపల, ఒళ్లు బయట పెట్టుకుని తింటుంది. దాని విసర్జన కాయ మీదే కనిపిస్తుంది. గులాబీ రంగు పురుగు అలా దొరకదు. గుడ్డులోంచి వచ్చిన కొద్దిసేపటికే వెంట్రుకంత సైజులో లేత కాయలోకి దూరిపోతుంది, అది దూరిన చోటు కాయ ఎదుగుదలలో పూడుకుపోతుంది. అందుకే రైతుకు పత్తి తీసేదాకా నష్టం తెలియదు.

రెండోది నకిలీ విత్తనం. చేలో పదిచోట్ల లేత ఆకు ముక్కలు తీసి, చిన్న గొట్టంలో ద్రావణంతో నలిపి, పరీక్ష పట్టీ ముంచాను. గర్భ పరీక్ష పట్టీలాగే దీనిలోనూ గీతలు వస్తాయి. బోల్‌గార్డ్ పేరుతో అమ్మే బీటీ పత్తి రెండో తరంలో రెండు విష ప్రోటీన్లు ఉండాలి: క్రై1ఏసీ, క్రై2ఏబీ. తొమ్మిది మొక్కల్లో రెండు గీతలూ స్పష్టంగా వచ్చాయి. ఒక మొక్కలో ఒక గీతే వచ్చింది. విత్తన సంచిలో అలాంటి బెరుకు, అంటే తేడా విత్తనం, ఒకటీ అరా ఉండవచ్చు, దానితో ఆరెకరాలు పోవు. దుకాణం వాడు ఈ విషయంలో మాత్రం మోసం చేయలేదు.

మూడోది మొక్క వయసు. పత్తి ముదిరేకొద్దీ విషం మోతాదు తగ్గుతుంది. డిసెంబరు నాటికి ఈ చేను నూట యాభై రోజులు దాటింది. కొంత వాటా దీనికి ఇవ్వాల్సిందే. అయినా సెప్టెంబరులోనే గుడ్డిపూలు కనిపించాయని బాబాయ్ గారు చెప్పారు. రేకులు విచ్చుకోకుండా, పురుగు అల్లిన పట్టుదారంతో కుట్టేసినట్టు ముడుచుకుపోయే పూలవి. అప్పటికి మొక్క ముదరలేదు, విషం నిండుగా ఉంది, పురుగు కూడా ఉంది.

మిగిలింది నాలుగోది. విత్తనం మారలేదు, పురుగు మారింది.

చుట్ట, తాలు కాయ

గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుని ఈ మాట చెప్పాను. బాబాయ్ గారు కాసేపు ఆలోచించి, "అంటే పురుగు మందుకు అలవాటు పడిందంటావు," అన్నారు.

ఈ మాట మా వృత్తిలో రోజూ వింటాం. దుకాణాల్లో అంటారు, పత్రికల్లో రాస్తారు, వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్లు కూడా అంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మాటలో తప్పుంటే చేసే పనిలో కూడా తప్పు వస్తుంది. అలవాటు పడింది అనుకున్న రైతు మందు మారుస్తాడు, మోతాదు పెంచుతాడు. అలవాటు మాన్పించాలంటే అంతే కదా!

ఆయన చుట్ట తాగుతారు. దాన్నే చూపించాను. "మొదటిసారి కాల్చినప్పుడు దగ్గారా?" "దగ్గాను." "తర్వాత అలవాటైందా?" "అయింది." "మొదటి చుట్టకే ప్రాణం పోయుంటే?"

అలవాటు అనేది ఒక ప్రాణి తన జీవితకాలంలో చేసుకునేది. బీటీ కాయ కొరికిన పురుగుకు రెండో అవకాశం రాదు, మొదటి గింజ దగ్గరే చస్తుంది. చావనిది ముందే చావని రకం. అది ఏమీ నేర్చుకోలేదు, కష్టపడి సంపాదించిందీ లేదు. పుట్టుకతో తెచ్చుకున్న తేడాతో బతికింది. ఆ తేడానే పిల్లలకు ఇచ్చింది.

ఆయన నమ్మినట్టు కనిపించలేదు. అప్పుడు మిరప యార్డు గుర్తొచ్చింది. గుంటూరులో పెరిగినవాళ్లకు తాలు ఏరివేత తెలియనిది కాదు. ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని ఎర్రకాయ ఒక పక్కకు, రంగు పోయిన తాలు ఒక పక్కకు వేస్తారు. వాళ్ల చేతులు ఏ కాయకూ ఎరుపు పూయవు, ఏ కాయనూ తాలు చేయవు. ఉన్న తేడాల్లోంచి ఏరతాయి. సాయంత్రానికి కుప్ప రంగు మారిపోతుంది, ఒక్క కాయ రంగు కూడా మారదు. పాఠ్యపుస్తకాల్లో ప్రకృతివరణం అని రాసేది దీన్నే. వరణం అంటే ఏరుకోవడం. 1859లో డార్విన్ తన గ్రంథాన్ని మొదలుపెట్టింది కూడా అడవి జంతువులతో కాదు, పెంపుడు పావురాలతో, పశువులతో. మనిషి ఏరితే ఏమవుతుందో ముందు చూపించి, తర్వాతే ప్రకృతి దగ్గరికి వెళ్లాడు.

"మరి మా చేలో ఏరింది ఎవరు?" అన్నారు బాబాయ్ గారు.

మనమే. ఆరెకరాల నిండా ఒకే విషం పెట్టి, ఎనిమిది నెలలు పెట్టి.

విరిగిన కొక్కెం

విషం పనిచేసే తీరు తెలిస్తే మిగతా కథ సులువు. క్రై1ఏసీ ప్రోటీన్ మొదట బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియాది. దాని జన్యువును పత్తిలో పెట్టారు. పురుగు పేగు గోడ మీద కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. విషానికి అదొక కొక్కెం. దానికి తగులుకుంటేనే పేగుకు చిల్లులు పడతాయి. కొక్కెం విరిగి పుట్టిన పురుగులో విషం పట్టు దొరక్క జారిపోతుంది. బీటీ లేని రోజుల్లో విరిగిన కొక్కెం వల్ల లాభం లేదు, కొన్నిటికి నష్టం కూడా. అందుకే అవి ఎక్కడో ఒకటి చొప్పున ఉండేవి. బీటీ వచ్చాక ఆ లోపమే ఆస్తి అయింది.

మన దేశపు గులాబీ రంగు పురుగులను పరిశీలించిన శాస్త్రవేత్తలకు ఆ కాడ్‌హెరిన్ జన్యువు ఎనిమిది కొత్త రకాలుగా చెడిపోయి కనిపించింది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఒకే జాతి, ఒకే విషం, ఒకే ఫలితం, కానీ కొక్కెం విరిగిన తీరు ఒక్కో వంశంలో ఒక్కోలా ఉంది. పరిణామానికి నకలు రాసుకోవడానికి మూలప్రతి అక్కర్లేదు. క్రై2ఏబీ విషయంలో చెడిపోయేది ఇంకో జన్యువు, అది వేరే కథ. రెండు విషాలు పెడితే రెండు కొక్కేలు ఒకే పురుగులో విరగడం అరుదు అన్నదే 2006లో రెండో తరం తెచ్చినప్పటి లెక్క. లెక్క తప్పు కాదు. ఒక కొక్కెం అప్పటికే విరగడం మొదలైన పురుగుల మీద పెట్టడంతో రెండు తాళాల బలం ఒక తాళానికి దిగింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో ఈ పురుగు క్రై1ఏసీని తట్టుకుంటోందని ఆ సాంకేతికత సొంతదారు కంపెనీయే ప్రకటించింది. ఆ తర్వాత నాలుగైదేళ్లకు రెండో విషం కూడా తేలిపోయింది.

ఇంకొక లెక్క బాబాయ్ గారికి నేల మీద పుల్లతో గీసి చూపించాను. విరిగిన కొక్కెం జన్యువు వెయ్యి ప్రతుల్లో ఒకటి ఉందనుకుందాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ విరిగినవైతేనే పురుగు బతుకుతుంది. అంటే పది లక్షల్లో ఒకటి. ఆ ఒక్కటి రెక్కల పురుగై జత కోసం ఎగిరినప్పుడు చుట్టూ మామూలు పురుగులు వందలుగా ఉంటే, దాదాపు ఖాయంగా మామూలుదానితోనే కలుస్తుంది. పిల్లలకు ఒక విరిగిన ప్రతి, ఒక మంచి ప్రతి వస్తాయి. అవి బీటీ తింటే చస్తాయి. కథ అక్కడే ఆగిపోతుంది. చుట్టూ మామూలు పురుగు ఒక్కటి కూడా లేకపోతే? బతికినవి బతికినవాటితోనే కలుస్తాయి.

"ఆ మామూలు పురుగులు ఎక్కడి నుంచి రావాలి?"

"విత్తన సంచితో పాటు ఇచ్చిన చిన్న పొట్లం ఏం చేశారు, బాబాయ్ గారూ?"

ఆయన నవ్వేశారు. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. మామూలు పురుగులు బతకడానికి వేసే ఆ వరుసలనే ఆశ్రయం పంట అంటారు. ఆ పొట్లం పశువుల కొట్టం చూరులో దోపి ఉంది, చింపకుండా. దాని కింద ఇంకో రెండు, పోయిన రెండేళ్లవి. పురుగు కోసం నాలుగు సాళ్లు పెంచడమేమిటని ఆయన వాదన. కౌలు కట్టే రైతు అలా అంటే తప్పు పట్టను. ఆయన సొంత భూమి కాబట్టి కొంచెం తప్పు పట్టాను.

ఆయన్ను మాత్రమే అనడం న్యాయం కాదు. మన పత్తిలో ఇంకో లొసుగు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చాలా దేశాల్లో బీటీ పత్తిని స్థిర రకాలుగా పండిస్తారు, మనం రెండు రకాలను కలిపి పుట్టించిన హైబ్రిడ్లుగా పండిస్తాం. హైబ్రిడ్ మొక్కకు విషపు జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి వైపు నుంచి మాత్రమే వస్తుంది. ఆ మొక్క కాయలో ఏర్పడే గింజలు మళ్లీ విడిపోతాయి. రెండు విషాల లెక్కలో ప్రతి పదహారు గింజలకు సుమారు తొమ్మిదింటిలో రెండూ, మూడింటిలో మొదటిది మాత్రమే, మూడింటిలో రెండోది మాత్రమే, ఒకదానిలో ఏదీ లేకుండా ఉంటుంది. గులాబీ రంగు పురుగు తినేది ఆకు కాదు, గింజ. ఒకే అరలో ఒక గింజ నిండా విషం, పక్క గింజలో సగం, ఆ పక్క గింజ శుభ్రమైన భోజనం. ఒక్క ప్రతి మాత్రమే విరిగిన పురుగు, పైన చెప్పిన లెక్కలో చచ్చిపోవాల్సిన పురుగు, ఈ కాయలో గట్టెక్కే వీలుంది. ఆశ్రయం వరుసలు ఎందుకు పెట్టమన్నారో ఆ ఉద్దేశాన్నే కాయ లోపల మనం పాడు చేసుకుంటున్నాం.

అదే చేలో బీటీకి లొంగిన పురుగు

ఇక్కడ బాబాయ్ గారు వేసిన ప్రశ్న నేను ఊహించనిది. "మరి శనగపచ్చ పురుగు రాలేదేం? అదీ ఈ పత్తే తింటుందిగా?"

ఈ కేసు రాయాలనిపించింది ఈ ప్రశ్న వల్లే. చేను మొత్తం తిరిగాను, శనగపచ్చ పురుగు కాయ ఒక్కటి కూడా దొరకలేదు. మా నాన్నగారి తరం ఈ మాట వింటే నమ్మదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని నిలువునా తినేసింది ఈ పురుగే. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్లు మొదటి రెండు మూడేళ్లు మంత్రంలా పనిచేసి తర్వాత నీళ్లయిపోయాయి. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ చేలలో సేకరించిన పురుగుల్లో ఆ మందులను తట్టుకునే శక్తి చాలా ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది. ఆ ఏడాది, మరుసటి ఏడాది ఈ జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. మా ఇంట్లో డబ్బా వెనక డబ్బా ఖాళీ అవడం నాకు లీలగా గుర్తు.

అంత మొండి పురుగు బీటీ దగ్గర ఎందుకు లొంగింది? అది తెలివితక్కువదీ కాదు, దాని జన్యువుల్లో తేడాలు తక్కువా కాదు. దాని భోజనం వేరు. శనగ, కంది, టమాటా, మిరప, మొక్కజొన్న, ఏది దొరికితే అది తింటుంది. బాబాయ్ గారి గట్టు అవతలే కంది ఉంది, రెండు చేలు దాటితే శనగ వేస్తారు. వాటిలో బీటీ లేదు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు ప్రతి తరంలోనూ వచ్చి పత్తిలో మిగిలినవాటితో కలుస్తున్నాయి. కొనకుండా, ఎవరూ చెప్పకుండా ఆశ్రయం పంట దొరికింది. పైరిత్రాయిడ్ల కాలంలో ఆ వీలు లేకపోయింది. అదే మందు పత్తి మీద కొట్టారు, కంది మీద కొట్టారు, మిరప మీద కొట్టారు. తప్పించుకుని మామూలుగా ఉండే చోటు మిగల్లేదు.

గులాబీ రంగు పురుగుకు పత్తి తప్ప పెద్దగా ఇల్లు లేదు. బెండలో, ఆ కుటుంబపు మొక్కల్లో కొద్దిగా కనిపిస్తుంది. నూటికి తొంభై పాళ్లు పత్తే. పత్తి అంతా బీటీ అయ్యాక దానికి మిగిలింది రెండే దారులు: తట్టుకోవడం, అంతరించడం. 1987లో గెలిచిన పురుగు, 2018లో గెలిచిన పురుగు వేరు. వాటి విస్తరాకు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

సీసాల్లో పదకొండు

ఆ పదకొండు పురుగులను పారేయలేదు. గింజలు, కాస్త దూది వేసి విడివిడిగా సీసాల్లో పెట్టి గది కిటికీ పక్కన ఉంచాను. ఇది పరిశోధన అనిపించుకోదు, కుతూహలం. ఒకే రోజు, ఒకే చేలో, ఒకే సైజు పురుగులు. ఆరు పురుగులు కొద్ది రోజుల్లో గూడు దశకు వెళ్లి జనవరిలో రెక్కల పురుగులై సీసా మూత దగ్గర కొట్టుకున్నాయి. రెండు చచ్చిపోయాయి. మిగిలిన మూడు రెండేసి గింజలను పట్టుదారంతో కలిపి కుట్టుకుని ఆ జంట గింజల మధ్య ముడుచుకుని పడుకున్నాయి. ఒకటి మార్చిలో లేచింది. చివరి రెండు జూన్‌లో, తొలి వానలు పడిన వారానికి. అప్పటికి ఆరు నెలలు తిండి లేకుండా గడిపాయి.

నిద్రపోయే పురుగు, పోని పురుగు ఒకే అమ్మ పిల్లలు కూడా కావచ్చు. రోజు నిడివి తగ్గడం, చలి, తిండిలో నూనె, అన్నీ నిద్రకు సంకేతాలే. కానీ ఆ సంకేతానికి ఏ పురుగు ఎంతగా స్పందిస్తుందన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. జనవరిలో లేచినదానికి పక్కన కాయలున్న చేను ఉంటే పండగ, లేకపోతే చావు. జూన్‌లో లేచినదానికి అప్పటికి మొగ్గ వేసిన చేను ఉంటే పండగ, లేకపోతే చావు. ఏది గెలవాలన్నది మనం పత్తిని ఎప్పుడు వేస్తాం, ఎప్పుడు పీకుతాం అన్నదాని మీద ఉంది. బాబాయ్ గారి చేలో పోయిన ఏడాది పంట మార్చి దాకా ఉంది. బోరు నీరుంది కదా అని మోడు మీద రెండో కాపు తీశారు. అంటే నిద్రపోని పురుగులకు అదనంగా మూడు తరాల భోజనం. ఊరి అవతల వర్షాధారంగా వేసే ఆయన బావమరిది పత్తి నవంబరు చివరికే అయిపోతుంది. రెండు చేల మధ్య దూరం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా ఒక చేను నిద్రపోనివాటిని పెంచుతోంది, రెండో చేను నిద్రపోయేవాటినే దాటిస్తోంది. పురుగు ఎగురుతుంది కాబట్టి ఈ రెండూ కలిసిపోతూనే ఉంటాయి. గోడ కట్టినంత తేడా రాదు. అయినా ఒత్తిడి రెండు వైపులా లాగుతోంది.

నా తప్పు, తర్వాత చేసినవి

ఇక్కడ నా తప్పొకటి రాయాలి. అంతకుముందు ఆగస్టు చివర్లో బాబాయ్ గారు ఫోను చేసి చేలో రెక్కల పురుగులు తిరుగుతున్నాయంటే, చేను చూడకుండా సింథటిక్ పైరిత్రాయిడ్ ఒకసారి కొట్టమన్నాను. కొట్టారు. మూడు వారాల్లో తెల్లదోమ ఎగిసింది. అంత తొందరగా పైరిత్రాయిడ్ కొడితే తెల్లదోమను తినే పురుగులు పోతాయని, దోమ పెరుగుతుందని నేనే నలుగురికి పాఠం చెబుతుంటాను. గులాబీ రంగు పురుగు కాయలోకి దూరాక ఏ మందూ దానికి తగలదు కూడా. ఆ ఒక్క పిచికారీతో నేను ఆపింది ఏమీ లేదు, ఏరివేత ఇంకో జాతిలో కూడా మొదలుపెట్టాను, అంతే.

డిసెంబరు చివర్లో చేసిన పనులివి. ఇంకో రెండు నెలలు లాగుదామన్న ఆలోచన ఆపించాను. దీనికే ఎక్కువ వాదన జరిగింది. మొక్క మీద ఇంకా కాయలు కనిపిస్తుంటే పీకమనడం రైతుకు కష్టం. కాయలు కోసి చూపించి, వాటిలో ఎంత రంగు మారిన పత్తి వస్తుందో, కూలి ఎంత అవుతుందో లెక్క వేస్తే ఒప్పుకున్నారు. తర్వాత గొర్రెల మందను తోలించాం. కింద రాలిన, కొమ్మకు మిగిలిన కాయలు అవే తిన్నాయి. కట్టెను పొయ్యి కోసం కుప్ప వేయకుండా యంత్రంతో ముక్కలు చేసి నేలలో కలిపాం. కుప్పలోని ఎండు కాయల్లోనే జంట గింజలు పడుకుంటాయి, జూన్ దాకా.

2019లో తక్కువ కాలపు రకం, వానలు నిలదొక్కుకున్నాకే విత్తడం. చూరులోని పొట్లాలు మొలవలేదు, కొత్త పొట్లం విత్తనాన్ని చుట్టూ నాలుగు వరుసలు వేయించాను. పూత సమయం ప్రధాన పంటతో కలిసిందా లేదా అని వారం వారం చూశాను, కలవకపోతే ఆ వరుసలకు అర్థం లేదు. ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టాం. బుట్టకు రాత్రికి ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితేనే మందు గురించి ఆలోచించాలని నియమం పెట్టుకున్నాం. సెప్టెంబరు మూడో వారం దాకా ఆ గీత దాటలేదు. గుడ్డిపూలు కనిపించినవి ఏరి కాల్చారు. నవంబరులో మళ్లీ ఇరవై కాయలు కోస్తే ఐదింటిలో పురుగు ఉంది. డిసెంబరుకే పంట ముగించారు.

పురుగు తట్టుకునే శక్తి ఒక్క ఏడాదిలో తగ్గిందని ఎవరైనా అంటే నమ్మకండి. తగ్గింది సంఖ్య. శక్తి తగ్గాలంటే చాలా పెద్ద విస్తీర్ణంలో చాలా తరాలు మామూలు పురుగులు గెలవాలి. అది అసాధ్యమేమీ కాదు. చైనాలో యాంగ్జీ లోయ రైతులు ఖర్చు తగ్గుతుందని హైబ్రిడ్ల రెండో తరం విత్తనం వేశారు. దానిలో నాలుగో వంతు మొక్కలకు విషం ఉండదు. ఎవరూ ప్రణాళిక వేయకుండానే చేలన్నీ ఆశ్రయం పంటలయ్యాయి, కొన్నేళ్లలో తట్టుకునే పురుగుల వాటా తగ్గింది. అమెరికాలో దారి వేరు. ఆశ్రయం పంటను గట్టిగా పాటించి, ఆ తర్వాత గొడ్డు చేసిన రెక్కల పురుగులను కోట్ల సంఖ్యలో వదిలి, 2018లో ఈ పురుగు దేశంలో లేదని ప్రకటించారు. బాబాయ్ గారి కాయలు నా బల్ల మీద పడిన ఏడాదే అది.

ఈ కేసు తర్వాత నాకొక జబ్బు పట్టుకుంది, ప్రతిదానిలో ఏరివేతే కనిపించడం. 2021లో గుంటూరు మిరప చేలను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు మొదటి వారం నేను కూడా తట్టుకునే శక్తి అనే అనుకున్నాను. పూలు తీసుకెళ్లి సూక్ష్మదర్శిని కింద చూపిస్తే అది మన పాత తామర పురుగే కాదు, బయటి నుంచి వచ్చిన మరో జాతి. జాతిలో తేడా వేరు, జాతే వేరు కావడం వేరు. చేను దగ్గర రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పంట ముందుగా ముగించడం మీద కూడా నాకు గుడ్డి నమ్మకం లేదు. అమెరికాలో మొక్కజొన్న, సోయా మార్చి మార్చి వేసి మొక్కజొన్న వేళ్లు తినే పురుగును అదుపు చేసిన చోట్ల, ఒక జాతిలో గుడ్లు రెండు చలికాలాలు నిద్రపోయే రకం పెరిగింది, ఇంకో జాతి సోయా చేలోనే గుడ్లు పెట్టడం మొదలైంది. పంట మార్పిడి కూడా ఒక ఏరివేతే. ఊరంతా ఏటా డిసెంబరుకే పత్తి పీకితే పొడుగు నిద్ర పురుగులకు మనమే విస్తరి వేసినట్టు. అందుకే 2020 నుంచి బాబాయ్ గారి చేలో జూన్, జులై బుట్టల లెక్కను విడిగా రాయిస్తున్నాను. మొగ్గ రాకముందు లేచిన పురుగులు ఎన్ని, మొగ్గ వచ్చాక లేచినవి ఎన్ని అని. మూడేళ్ల లెక్కలో నాకు ఏ ధోరణీ కనిపించలేదు. ఉత్తరం వైపు బుట్టలో మాత్రం ఎప్పుడూ ఎక్కువే పడతాయి. అటు పక్క చేలో ఒకాయన పత్తి కట్టెను ఇప్పటికీ ఇంటి వెనక కుప్ప వేస్తారు. బాబాయ్ గారు ఆయనతో రెండుసార్లు మాట్లాడారు. మూడోసారి నన్ను తీసుకెళ్లారు. ఆయన మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, "పొయ్యిలోకి కట్టె నువ్వు పంపిస్తావా అమ్మా?" అన్నారు.